బందరు ఇంటిని ఎవరి చేతిలో పెట్టాము
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెలలో కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి సభలో మీరు ఇల్లు అమ్మిన సంగతి చెప్పాలి" అన్నారు. ఇల్లు కట్టినవాడు చెబితే వినసొంపుగా ఉంటుంది గాని, అమ్ముకున్నవాడు చెప్పేదేముంటుందండీ అన్నాము. దానికాయన, "మన సభ్యులలో చాలామందికి ఊళ్లలో తాళాలు వేసిన ఇళ్లున్నాయి. వాళ్లు అమ్మలేకా ఉన్నారు, ఉంచుకోలేకా ఉన్నారు. మీరు పడ్డది చెప్పండి చాలు" అన్నారు. అందుకని పడ్డదే చెబుతాము. మధ్యలో లెక్కలు వస్తాయి, పిల్లలు విసుక్కోకూడదు.

మా ఇల్లు బందరులో. ప్రభుత్వ కాగితాలలో మచిలీపట్నం అని ఉంటుంది గాని అక్కడ పుట్టినవాళ్లకు అది బందరే. మా ముత్తాతగారిది అద్దకం బట్టల వ్యాపారం. పెడన నుంచి సరుకు తెచ్చి అమ్మేవారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుకు సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు 30,000 మంది పోయారని చరిత్రలో ఉంది. మా ముత్తాతగారి పెద్దలు ఆ రాత్రి చూసినవాళ్లు. అందుచేత 1912లో ఆయన ఇల్లు కట్టించినప్పుడు వీధికన్నా నాలుగడుగుల ఎత్తులో కట్టించారు. ఇంటికి ఆరు మెట్లు. మా దాదీమా ముసలితనంలో ఆ మెట్లను తిట్టని రోజు లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను వచ్చినప్పుడు మాత్రం ఆ మెట్లు ఎక్కి మా వీధివాళ్లంతా మా దాలానులోకి వచ్చారు. సాయిబుల ఇల్లు, కోమట్ల ఇల్లు అనే తేడా లేకుండా నలభైమంది దాకా రెండు రాత్రులు ఉన్నారు. అమ్మీజాన్ రెండు కుంచాల బియ్యం వండిన గుండిగ ఆ తరువాత కూడా పండగలకు దిగేది.

ఆ ఇల్లు ఎలా కట్టారో నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే తరువాతి కథంతా గోడల మీదే నడుస్తుంది. సిమెంటు చుక్క లేదు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో వేసి ఎద్దులచేత తిప్పించి, ఆ గానుగ సున్నంతో ఇటుక గోడలు కట్టారు. గోడ మందం అడుగున్నర పైనే. మీద మద్రాసు మిద్దె. రంగూన్ టేకు దూలాల మీద సన్నని ఇటుకలు నిలబెట్టి ఐమూలగా పేర్చి, వాటి మీద ఇటుక ముక్కలు, సున్నం పోసి, ఆడకూలీలు వరుసగా కూర్చుని చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టేవారట. కొడుతూ కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లేవారట. వాళ్లు పాటలు పాడేవారని దాదీమా చెప్పేది. వీధివైపు దివాన్‌ఖానా, లోపల దాలాను, దానికి అటూఇటూ గదులు, వెనక నుయ్యి, నుయ్యి పక్కన వుజూ చేసుకునే రాతి అరుగు. గోడల నిండా తాఖులు. మే నెలలో మధ్యాహ్నం దాలానులో పడుకుంటే ఫంకా అవసరం లేదు. ఇది గొప్పకు చెప్పటం లేదు, అక్కడ నిద్రపోయినవాళ్లు ఈ సభలోనే ముగ్గురు కనపడుతున్నారు.

అబ్బాజాన్ 2004లో పోయారు. అమ్మీజాన్ 2018 దాకా ఆ ఇల్లు వదలలేదు. ఆమె పోయిన తరువాత తాళం పడింది. మేము విజయవాడలో మా అబ్బాయి దగ్గర, తమ్ముడు హైదరాబాదులో, పెద్ద చెల్లెలు గుడివాడలో, రెండో ఆమె కువైట్‌లో. చిన్న చెల్లెలు మాత్రం బందరులోనే, కాని అద్దె ఇంట్లో. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె భర్త పోయి ఆరేళ్లయింది, కొడుకు చదువుకుంటున్నాడు. "ఆ ఇంట్లోనే ఉండమ్మా" అంటే, "అంత ఇల్లు ఊడవటానికే నాకు పొద్దు చాలదు భాయీజాన్, రాత్రి ఒక్కదాన్నే భయం" అనేది.

తాళం వేసిన ఇల్లు మనం అనుకున్నదానికన్నా త్వరగా పాడవుతుంది. సోదరులారా, మేము ఆ ఇంటిని ప్రేమించామని అందరికీ చెప్పుకున్నాము గాని, 2018 తరువాత దానికి చేసిన ద్రోహం తక్కువ కాదు. మనుషులు ఉన్నప్పుడు ప్రతి వానాకాలం తరువాత ఎవడో ఒకడు మిద్దె ఎక్కి పిట్టగోడలో మొలిచిన రావి మొక్కలు పీకేవాడు. ఐదేళ్లు ఎవరూ ఎక్కలేదు. రావి వేరు సున్నంలోకి దిగితే ఆ దారినే నీళ్లు దిగుతాయి. అంతకు ముందు 2009లో ఇంకొక ఘనకార్యం చేశాము. పడమటి గోడ అడుగున చెమ్మ వచ్చి సున్నం రాలుతోందని, మంచి చేస్తున్నామనుకుని, నడుము ఎత్తు దాకా సిమెంటు పూత పూయించాము. మేస్త్రి ముసలాయన వద్దన్నాడు. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చినా బయటికి వదిలేస్తుంది, దాని మీద సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది అన్నాడు. ముసలాడికి పాత చాదస్తం అనుకున్నాము. మూడేళ్లకు చెమ్మ సిమెంటు దాటి తల ఎత్తున బయటపడింది. ఆ ఊరి నీటిలో ఉప్పు ఎక్కువ, అది గోడ మీద తెల్లగా పూసి ఇటుక పిండిలా రాలటం మొదలుపెట్టింది.

2023లో బందరు పోర్టు పనులు మొదలైన దగ్గరనుంచి స్థలాలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మన పెద్దల పద్ధతి ప్రకారం ముందు పొరుగువారిని అడిగాము. తూర్పుపక్క వారు మంచివాళ్లే, కాని గోడౌను కడతామన్నారు. తరువాత ఒక బిల్డరు వచ్చాడు. ఇల్లు లోపలికి కూడా రాలేదు. వీధిలో నిలబడి టేపుతో ముందు వెడల్పు కొలిపించుకుని 1 కోటి 40 లక్షలు అన్నాడు. "ఇల్లు పడగొట్టే ఖర్చు నాదేనండీ" అన్నాడు, అదేదో మాకు ఉపకారం చేస్తున్నట్లు. ఇంకొకాయన ఇల్లు అక్కరలేదు, తలుపులూ దూలాలూ మాత్రం ఇమ్మన్నాడు. కారైకుడి బజారులో పాత చెట్టినాడు ఇళ్ల స్తంభాలు, తలుపులు అమ్మకానికి పెట్టి ఉంటాయని, మీ దివాన్‌ఖానా తలుపుకు అక్కడ మంచి ధర వస్తుందని చెప్పాడు. తలుపు తీసేసిన ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇల్లు నిలబెట్టేవాడికే అమ్ముదామని మేము, తమ్ముడు అనుకున్నాము. వెంటనే మా మనసుకు తోచిన ఉపాయం, అమ్మకపు దస్తావేజులో 'ఈ ఇల్లు పడగొట్టరాదు' అని ఒక షరతు వ్రాయించటం. మా పాత శిష్యుడు ఒకాయన ప్లీడరు. అతను విని నవ్వాడు. "మాస్టారూ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. దానిలో 11వ సెక్షన్ ప్రకారం పూర్తి హక్కులతో అమ్మిన తరువాత, దాన్ని ఇలా వాడుకో, అలా వాడుకో అని మీరు వ్రాసిన షరతుకు విలువ లేదు. అది లేనట్లే లెక్కవేసి కొన్నవాడు తన ఇష్టం వచ్చినట్లు చేసుకోవచ్చు. మళ్లీ ఎవరికీ అమ్మకూడదని వ్రాస్తే అది 10వ సెక్షన్ కింద చెల్లదు" అన్నాడు. మరి దారే లేదా అంటే, పక్కనే మనకు ఇంకొక స్థలం ఉండి, దాని సౌకర్యం కోసం పెట్టిన షరతయితే కొంత బలం ఉంటుందన్నాడు. మాకు పక్కన జానెడు నేల లేదు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు, "అక్కడ పాత కట్టడాలకు ప్రభుత్వమే జాబితా వేసింది కదా" అన్నాడు. 1995లో అక్కడ 13వ నిబంధన కింద జాబితా వేసిన మాట నిజమే. 2015 డిసెంబరులో ఆ నిబంధననే తీసేశారు. 2017లో వేరే చట్టం వచ్చింది గాని, అది తెలంగాణది, బందరుకు పనికిరాదు.

ఇలా ఉండగా, ఆ చాదస్తపు మేస్త్రే ఒకాయనను తీసుకొచ్చాడు. రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. పేరు చెప్పవద్దని కోరారు కనుక ఇంజనీరుగారు అనే అందాము. 2024 మే నెలలో వచ్చారు. బేరం మాట ఎత్తకుండా మూడు గంటలు ఇల్లు తిరిగారు. గోడ మీద చెంబుతో నీళ్లు పోసి ఎంతసేపటిలో ఇంకుతున్నాయో చూశారు. దూలాల చివరలు గోడలో దూరే చోట, నిచ్చెన ఎక్కి మేకుతో గుచ్చి చూశారు. టేకు దూలం పుచ్చితే అక్కడే ముందు పుచ్చుతుందట. పడమటి గోడ దగ్గరకు వచ్చి, "ఈ సిమెంటు ఎవరు వేయించారు?" అన్నారు. మేము నేల చూపులు చూశాము. మేస్త్రి మాత్రం చాలా సంతోషంగా మావైపు చూశాడు.

షరతు సంగతి దాచకుండా చెప్పాము. ఆయన, "వ్రాయండి, సంతకం పెడతాను. కాని అది చెల్లదని మీ ప్లీడరు చెప్పలేదా?" అన్నారు. ఆ మాటతో మాకు ఆయన మీద సగం గురి కుదిరింది. మిగిలిన సగం, ఆయన చేయబోనివి చెప్పినప్పుడు కుదిరింది. వంటగది మార్చేస్తానన్నారు. పడకగదికి ఆనుకుని బాత్‌రూము కడతానన్నారు. వెనక రేకుల షెడ్డు తీసేస్తానన్నారు. మా పెద్ద చెల్లెలు అక్కడే ఉంది. "అయితే ఇంక మా అమ్మీజాన్ వంటిల్లు ఏం మిగులుతుందండీ?" అంది. ఆయన నెమ్మదిగా, "నేను, మా ఆవిడ ఇందులో ముసలివాళ్లం కావాలమ్మా. మోకాళ్ల నొప్పులతో పెరటి చివరి దాకా నడవలేము కదా" అన్నారు. ఆమెకు కోపం వచ్చింది. మాకు మాత్రం నమ్మకం పెరిగింది. అన్నీ ఉన్నవి ఉన్నట్లు ఉంచుతానని తియ్యగా చెప్పి ఉంటే మేము భయపడేవాళ్లం.

ఆయన ఇవ్వగలిగింది 1 కోటి 19 లక్షలు. అందులో కొంత బ్యాంకు అప్పు.

ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. మేము, తమ్ముడు సంబరంగా 'తగ్గితే తగ్గిందిలే, ఇల్లు నిలుస్తుంది' అనుకుని చెల్లెళ్లను కూర్చోబెట్టి చెప్పాము. పెద్దామె కోపంగా ఉన్నా సరే అంది. కువైట్ చెల్లెలు ఫోనులో మీ ఇష్టం అంది. చిన్న చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "భాయీజాన్, గోడల మీద ప్రేమ మీది. దానికి నా వాటాలోంచి ఎందుకు ఇస్తున్నారు?" అంది. ఆమె అరవలేదు, ఏడవలేదు. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

సోదరులారా, నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్లం, ఆ లెక్క మాకు ఆమె చెప్పేదాకా తట్టలేదు. షరియత్ ప్రకారం కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. అబ్బాజాన్ పోయినప్పుడు అమ్మీజాన్‌కు వచ్చిన ఎనిమిదో వంతు కూడా ఆమె తరువాత ఇదే లెక్కన మాకే వచ్చింది. మొత్తం ఏడు పాళ్లు. బిల్డరుకు అమ్మితే పాలు 20 లక్షలు. ఇంజనీరుగారికి అమ్మితే పాలు 17 లక్షలు. అంటే మా ముచ్చట కోసం అద్దె ఇంట్లో ఉన్న వితంతువు చేత 3 లక్షలు ఇప్పిస్తున్నామన్నమాట. పెద్దవాళ్లం మేము ముందే ఒప్పేసుకుని, ఆమెను కాదనలేని స్థితిలో పెట్టి, దానికి సమ్మతి అని పేరు పెట్టబోయాము.

ఆ రాత్రి తమ్ముడితో మాట్లాడాము. చెల్లెళ్లు ముగ్గురికీ బిల్డరు లెక్కన 20 లక్షల చొప్పున చేరాలి, తక్కువ పడే 9 లక్షలూ మనమిద్దరం చెరి సగం భరించాలి అన్నాము. అంటే మాకు ఒక్కొక్కరికి 34 లక్షల్లోంచి నాలుగున్నర పోయి ఇరవై తొమ్మిదిన్నర మిగులుతుంది. బిల్డరుకు అమ్మి ఉంటే 40 వచ్చేవి. పదిన్నర లక్షలు చిన్న మాట కాదు. తమ్ముడికి ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లున్నాయి. రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు చేసి, "ఆ ఇల్లు పడగొడితే నేను ఆ వీధిలో నడవగలనా అని చూసుకున్నాను భాయ్. నడవలేను. కానివ్వండి" అన్నాడు. అతని భార్య మాతో ఇప్పటికీ కాస్త ముభావంగానే ఉంటుంది. ఆమెను తప్పుపట్టలేము. పెద్ద చెల్లెలు తనకు ఎక్కువ వద్దంది గాని, ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి అయితే రేపు మాటలు వస్తాయని ముగ్గురికీ సమంగానే చేశాము. ఆ పైకం బ్యాంకు ద్వారానే పంపాము. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకు ఇచ్చే కానుక మీద వాళ్లకు ఆదాయపు పన్ను పడదని ఆడిటరు చెప్పాడు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాము. కువైట్ చెల్లెలు అక్కడి మన రాయబార కార్యాలయంలో పవరు వ్రాయించి పంపింది. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోపు స్టాంపు వేయించాలి, మరిచిపోతే ఇబ్బంది. పాత ఇంటికి ఆదాయపు పన్ను లెక్క 2001 ఏప్రిల్ 1 నాటి విలువ నుంచి మొదలుపెట్టుకోవచ్చు, దానికి రిజిస్టర్డు వాల్యుయరు రిపోర్టు కావాలి. బ్యాంకువారు వందేళ్ల ఇల్లంటే భయపడి, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో వ్రాసి ఇమ్మన్నారు. దానికే నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో బిల్డరు రెండుసార్లు వచ్చి ఇంకో ఐదు లక్షలు పెంచాడు. మేము ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు. ఇవాళ ఇక్కడ వింటున్నాడు, ఏమనుకుంటాడో.

ఆ మధ్యలో ఇంజనీరుగారు ఒక కోరిక కోరారు. "వానాకాలం చూడకుండా పాత ఇల్లు కొనకూడదు మాస్టారూ. అడ్వాన్సు తీసుకుని తాళం ఇవ్వండి, నెల రోజులు ఉంటాను" అన్నారు. ఇచ్చాము. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలు మీకు గుర్తుండే ఉంటాయి. బుడమేరు పొంగి విజయవాడలో మేముండే సింగ్ నగర్ మునిగింది. మేము మూడో అంతస్తులో, కింద నిలువెత్తు నీళ్లు, కరెంటు లేదు, తాగే నీళ్లు పడవలో రావాలి. నాలుగో రోజున ఫోనుకు ప్రాణం వచ్చింది. మొదట మోగింది ఇంజనీరుగారిది. మా క్షేమం అడిగి, "మీ మిద్దె మూడు చోట్ల కారింది. దాలాను మధ్యన, నూతివైపు మూలన, దివాన్‌ఖానా తలుపు పైన. సుద్దతో గుర్తులు పెట్టాను. దూలాలు గట్టివే. కొంటున్నాను" అన్నారు. మేము ఆ కాంక్రీటు మేడ మీద కూర్చుని, 1912 నాటి మిద్దె కింద ఆయన పొడిగా ఉన్నారని విని నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాము.

2025 జనవరిలో రిజిస్ట్రీ అయింది. అంతకు ముందు ఒక నెలంతా కూర్చుని, ఆ ఇంటి గురించి మాకు తెలిసినదంతా ఒక నోటుబుక్కులో వ్రాశాము. ఏ నెలలో ఏ కిటికీ మూయాలి, నూతి నీళ్లు ఏ నెలలో ఉప్పగిల్లుతాయి, మిద్దె మీద వాననీళ్లు ఏ తూము వైపు నడుస్తాయి, ఏ తలుపు వానాకాలంలో బిగుస్తుంది, ఇవన్నీ. తెలియనివి చెల్లెళ్లను అడిగాము. ఇంటి సంగతులు ఆడవాళ్లకు తెలిసినట్లు మాకు తెలియవని అప్పుడు అర్థమయింది. వంటింటి గోడలో ఒక ఇటుక కదులుతుందని, దాని వెనక అమ్మీజాన్ చిల్లర డబ్బులు దాచేదని చిన్న చెల్లెలే చెప్పింది. తీసి చూస్తే ఒక అర్ధరూపాయి, రెండు పావలాలు ఉన్నాయి. అవి ఆమె తీసుకుంది. నోటుబుక్కు, మేస్త్రి ఫోను నంబరు, దివాన్‌ఖానా తలుపు తాళంచెవి ఇంజనీరుగారికి ఇచ్చాము. దస్తావేజులో షరతేమీ వ్రాయలేదు.

రేపు ఆయనో, ఆయన పిల్లలో పడగొడితే మేము చేయగలిగింది ఏమీ లేదు. అది తెలిసే అమ్మాము.

చిన్న చెల్లెలు ఆ 20 లక్షలకు తన దగ్గరున్నది కొంత కలిపి, అప్పు చేసి, అదే ఊళ్లో రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. సిమెంటుదే. చల్లగా ఉండదు గాని, ఊడవటం తేలిక అంటుంది. పాత ఇంటివైపు ఏడాదిదాకా వెళ్లలేదు. పోయిన రంజాన్‌లో ఇంజనీరుగారి భార్యే ఖర్జూరాలు పట్టుకుని ఈమె ఇంటికి వచ్చి, నూతి పక్కన రాతి పలక కింద ఏముందమ్మా, కదిలించవచ్చా అని అడిగిందట. దాని కింద ఏమీ లేదు, పాము వస్తుందని అబ్బాజాన్ కన్నం మూయించారు, కదిలించకండి అని ఈమె చెప్పి, ఆవిడ వెంటే వెళ్లి చూపించి వచ్చిందట.

పడమటి గోడ సంగతి చెప్పి ముగిస్తాము. 2025 ఫిబ్రవరిలో సిమెంటంతా చెక్కించేశారు. ఇటుకలు ఒట్టిగా వదిలేసి ఆరబెట్టారు. వేసవి పోయింది, వానలు పోయాయి, చూసినవాళ్లు ఇల్లు కొని గోడ పుండు చేసుకున్నాడు అన్నారట. సున్నం పూత వేయమని మేస్త్రి తొందరపెట్టినా ఆయన ఆగారు. డిసెంబరు మొదటివారంలో ఒక ఉదయం ఫోను చేశారు. "మాస్టారూ, మీ పడమటి గోడ ఆరింది. సోమవారం నుంచి పూత మొదలుపెడుతున్నాము, వచ్చి చూస్తారా?" అన్నారు. అమ్మి ఏడాది కావస్తున్నా ఆయన ఇంకా 'మీ గోడ' అనే అంటున్నారు. మేము సరిదిద్దలేదు. ఆదివారం సాయంత్రం బస్సుకే బయలుదేరాము.

సెలవు. ఖుదా హాఫిజ్.